ఎవరిదమ్మా ఈ కారు?

గత ఏడాది ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజు, మా ఇంటికి కారొచ్చింది. 2017 మోడల్ బీఎమ్‌డబ్ల్యూ త్రీ సిరీస్, డీజిల్, సెకండ్ హ్యాండ్. కొన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్న. ఆర్సీ అమ్మ పేరు మీద ఉంది. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీ అన్నను అమెరికా పంపింది కాబట్టి నడిపేది నేను. ఈ ఏడాదిలో పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగాం. జనం నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నల్లో "మైలేజీ ఎంత?" అన్నది రెండోది. మొదటిది "ఎవరిదమ్మా ఈ కారు?"

యూనివర్సిటీ గేటు దగ్గర, పెట్రోల్ బంకులో, పల్నాడులోని మా ఊరి రచ్చబండ దగ్గర అదే ప్రశ్న విన్నాను. ఆడపిల్లని కావడం అందుకు ఒక కారణమని తెలుసు. కానీ నా తోటి స్కాలర్లలో కార్లున్న అమ్మాయిలు ఇంకా ఉన్నారు. వాళ్లను "ఎప్పుడు కొన్నారు?" అని అడుగుతారు. నన్ను "ఎవరిది?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

ముందు లెక్కలు చెప్పేస్తాను. దాచుకోవాల్సినవి కావు. కారు ధర పదమూడు లక్షలు. అందులో తొమ్మిది లక్షలు లోను. అదే డబ్బుకు కొత్త కారే వచ్చేది, ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. బంధువులు, మిత్రులు, కొందరు ఉద్యమ సహచరులు కూడా అదే అన్నారు: "పాత లగ్జరీ కారు ఎందుకురా, సర్వీసింగుకే ఆస్తులమ్మాలి." వాళ్లన్నదాంట్లో నిజం ఉంది. నాలుగు టైర్లు మార్చినప్పుడు నా నెల ఫెలోషిప్ కంటే ఎక్కువ బిల్లు వచ్చింది.

మరి ఎందుకు కొన్నట్టు? అన్న చెప్పిన కారణం ఒక్కటే: "నాకిష్టం." నడిపాక నాకూ అర్థమైంది. 190 హార్స్‌పవర్ ఇంజిన్, శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద లారీని దాటేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే చాలు, వీపు సీటుకు అతుక్కుంటుంది. మలుపులో బండి మన చేతి మాట వింటుంది. ఇందులో ఆనందం ఉంది. దళితుల గురించి రాసినప్పుడు మా ఆకలి, మా చావులు, మా పోరాటాలు రాస్తారు. మా సరదాలు రాయరు. మేమూ రాసుకోం. అవసరానికి కొన్న వస్తువైతే లోకం ఒప్పుకుంటుంది, ఇష్టానికి కొంటే మాత్రం సంజాయిషీ అడుగుతుంది.

బాబాసాహెబ్‌కు ఈ విషయం బాగా తెలుసు. 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆయన ఆడవాళ్లతో మాట్లాడినప్పుడు, అంటరానివాళ్లని గుర్తుపట్టేలా చేసే చీరకట్టును, నగలను వదిలేయమన్నారు. ఎవరు ఏం కట్టుకోవాలో, ఏం తొడుక్కోవాలో, దేని మీద ఎక్కాలో నిర్ణయించేది కులం. ఇది పాత కథ కూడా కాదు. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. గుర్రాన్ని పెంచుకుని దానిమీద తిరుగుతున్నాడని అగ్రకులస్తులు కక్ష కట్టి చంపారని ఆయన కుటుంబం చెప్పింది.

బాబాసాహెబ్ స్వీయ జ్ఞాపకాల్లో రెండు బండ్లు ఉన్నాయి. మొదటిది 1901 నాటి ఎడ్లబండి. తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. వాళ్ల కులం తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతేమిటంటే, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. రెండోది 1929లో చాలీస్‌గావ్‌లో ఎక్కిన టాంగా. టాంగావాలా మహర్లను ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. అలవాటు లేని మహర్ యువకుడొకడు పగ్గాలు పట్టాడు. వంతెన దగ్గర టాంగా చక్రం దెబ్బతిని, బాబాసాహెబ్ రాతిమీద పడ్డారు, కాలు విరిగింది. అప్పటికి ఆయన కొలంబియా, లండన్ డాక్టరేట్లు ఉన్న బారిస్టరు, బొంబాయి శాసనమండలి సభ్యుడు. కానీ టాంగా తోలుకుని బతికేవాడు కూడా, కులం చేత, తాను ఆయనకంటే పైవాణ్ణేనని అనుకోగలిగాడు.

ఈ రెండో సంఘటన నాకు ఈ ఏడాదంతా గుర్తొస్తూనే ఉంది. కారణం మా డిపార్టుమెంటు పార్కింగ్. కారు తీసుకెళ్లిన మొదటి వారంలోనే ఒక ప్రొఫెసర్ నవ్వుతూ అడిగారు: "ఇంకా మీకు రిజర్వేషన్ దేనికమ్మా?" చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక ఆ నవ్వుకు సిగ్గుపడ్డాను.

ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీ వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. మాదిగ ఇంట పుట్టినదాన్ని, ఆ తీర్పు కోసం మా పెద్దవాళ్లు మూడు దశాబ్దాలు రోడ్ల మీద నడిచారు. దాన్ని మనసారా ఆహ్వానించాను. కానీ అదే తీర్పులో నలుగురు న్యాయమూర్తులు ఎస్సీ, ఎస్టీలకూ క్రీమీలేయర్ ఉండాలని అభిప్రాయపడ్డారు. అప్పటి నుంచి మా వాళ్ల కారు, ఫ్లాటు, పిల్లల స్కూలు అన్నీ సాక్ష్యాలైపోయాయి. ఈడబ్ల్యూఎస్ కోటాకు ఎనిమిది లక్షల ఆదాయం, ఐదెకరాల పొలం లాంటి హద్దులున్నాయి. వాటిలో కారు ఊసే లేదు. ఆ కోటాలో సీటు తెచ్చుకున్నవాళ్ల పార్కింగ్‌లోకి తొంగిచూసినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

జవాబు చాలీస్‌గావ్‌లోనే ఉంది. అంటరానితనానికి ఆదాయం కొలమానం కాదు. మా ఊరికి వెళ్లాలంటే మిర్యాలగూడ మీదుగా వెళ్లాలి. 2018 సెప్టెంబరులో అక్కడ ఆస్పత్రి గేటు ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. చదువుంది, నిలదొక్కుకున్న కుటుంబం ఉంది. అవేవీ కత్తికి అడ్డు పడలేదు. ఆ ఊరు దాటుతున్నప్పుడు అమ్మ ప్రతిసారీ మాట్లాడటం ఆపేస్తుంది.

మా కారే నాకు ఇంకో పాఠం చెప్పింది. మొదటి ఆరు నెలలు దాని మీద ఏ గుర్తూ లేదు. అపార్ట్‌మెంట్ల గేట్లు వాటంతట అవే తెరుచుకునేవి. పోలీసు చెకింగ్‌లో "మేడమ్, వెళ్లండి" అనేవారు. ఆ గౌరవం నాకు నచ్చింది, అబద్ధమెందుకు? కొన్నాళ్లు అది నాకు దక్కుతున్నదే అనుకున్నాను. అక్టోబరులో వెనక అద్దం మూలన బాబాసాహెబ్ బొమ్మ అతికించాం. అన్న ఫోన్లో వద్దన్నాడు. "తర్వాత అమ్మేటప్పుడు ఇబ్బంది, అనవసరంగా కళ్లలో పడతాం" అన్నాడు. రోడ్డు మీద తమ కులం పేరు అద్దమంతా రాయించుకుని తిరిగే కార్లు ఎన్నో చూస్తాం. వాళ్లకు రీసేల్ భయం లేదు. చివరికి అమ్మ తేల్చింది: "బండి నా పేరుమీదుంది, అతికించు."

అప్పటి నుంచి రెండూ జరిగాయి. టోల్‌గేట్ దగ్గర కౌంటర్లో కూర్చున్న అబ్బాయి మెల్లగా "జై భీమ్ అక్కా" అన్నాడు. బంకులో డీజిల్ కొట్టే పెద్దాయన బొమ్మను చూసి, అడక్కుండానే అద్దాలన్నీ తుడిచాడు. నేను దిగి ఆయనతోపాటు టీ తాగాను. ఇంకోవైపు, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా మాదిగపల్లెలోకి కారు పోయే దారి లేక ఊళ్లో సిమెంటు రోడ్డు చివర పెట్టాం. ఒక పెద్దాయన వచ్చి "ఏ దొర దగ్గర చేస్తున్నావమ్మా డ్రైవరుగా?" అని అడిగాడు. ఆయన చేలో మా అమ్మ మిరపకాయలు కోసింది. కారు అమ్మదేనని చెప్పాను. ఆయన వెనక అద్దం వైపు చూసి, "ఇక్కడ పెట్టొద్దు, ట్రాక్టర్లు తిరగాలి" అన్నాడు. తెల్లారి చూస్తే ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా మేకుతో గీసిన గీత. బొమ్మ మీద కూడా రెండు గాట్లు. ఎవరు గీశారో తెలియదు, ఎవరి మీదా నేను నెపం వేయను. ఒక కారు, ఒక ఏడాది. దీన్ని పరిశోధన అనలేను. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. బొమ్మ లేని రోజుల్లో దక్కిన మర్యాద ఇనుముకు, రంగుకు దక్కింది. మేమెవరమో తెలిశాక దక్కినదే మా అసలు లెక్క. ఆ గీతకు రంగు వేయించలేదు.

ఇక్కడితో ఆపేస్తే నాకు అనుకూలంగా మాత్రమే మాట్లాడినట్టవుతుంది. ఆ సంక్రాంతి నాడే మా పల్లెలో ఇంటర్ చదివే చెల్లెలి వరస అమ్మాయి కారు చుట్టూ తిరిగి చూసి, "అక్కా, మీకు సీటొచ్చిన కోటాలోనే కదా నాక్కూడా రావాల్సింది?" అంది. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. పైకి చూస్తే ప్రొఫెసర్ ప్రశ్నే. కానీ ఆయనకు ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు. ఆయన అడిగేది నా సీటు ఆ అమ్మాయికి ఇవ్వడానికి కాదు, ఎవరికీ దక్కకుండా చేయడానికి. క్రీమీలేయర్ పేరుతో నన్ను తీసేసి, చదువుకోడానికి దారిలేని ఆ అమ్మాయి రాలేదు కాబట్టి "అర్హులు దొరకలేదు" అని రాసుకుంటే సీటు ఎక్కడికి పోతుందో క్యాంపస్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ అమ్మాయికి మాత్రం అడిగే హక్కు పూర్తిగా ఉంది. కోర్టులకు, ప్రొఫెసర్లకు నేను జవాబుదారీ కాను. ఆమెకు అవుతాను. చదువుకున్నవాళ్ల మీద బాబాసాహెబ్ చివరి రోజుల్లో పెంచుకున్న నిరాశ ఆ పిల్ల ప్రశ్నలో నాకు వినిపించింది.

"పే బ్యాక్ టు సొసైటీ" అనే మాట మన సభల్లో వాడి వాడి అరిగిపోయింది. అందుకే మా ఇంట్లో దాన్ని అంకెల్లోకి మార్చుకున్నాం. నెలనెలా కారు లోను కోసం ఎంత కడుతున్నామో అందులో పావు వంతు పల్లె పిల్లల ఫీజులకు, ఎంట్రన్స్ దరఖాస్తులకు వెళ్తుంది. వేసవిలో నెల రోజులు నేను అక్కడే ఉండి చదువు చెప్తాను. ఇది దానం కాదు, ఆ అమ్మాయికి ఉన్న బాకీలో చిన్న వాయిదా. ఇంతమాత్రానికే సమస్య తీరిపోయిందని అనుకోను. కారు అమ్మేసి ఆ డబ్బు కూడా ఇవ్వొచ్చు కదా అంటే, ఇవ్వొచ్చు. కానీ ఆనందాన్ని వదులుకుంటేనే నిజాయితీపరులం అవుతామన్న షరతు మాకు ఒక్కరికే ఎందుకు?

బండి తోలడం మావాళ్లకు కొత్త కాదు. మా పల్లెలో ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు తోలేవాళ్లు ఇంటికొకరున్నారు. స్టీరింగ్ ఎప్పుడూ మా చేతుల్లోనే ఉంది, ఆర్సీలో పేరే వేరేవాళ్లది. అందుకే "ఎవరిది?" అన్న ప్రశ్న పుడుతుంది.

అమ్మ మొదటి రోజు చెప్పులు బయట విప్పి కారెక్కింది. దొరల ఇళ్ల ముందు విప్పిన అలవాటు అనుకుని నాకు ఏడుపొచ్చింది. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఏడాది తర్వాత ఇప్పటికీ విప్పుతూనే ఉంది. మొన్న మళ్లీ అంటే కసురుకుంది: "నా కారు, మట్టైతే నేనే కదా కడుక్కోవాల్సింది."

జై భీమ్.