దుమ్ము కొలిచే పెట్టెకే ముందు పరీక్ష కావాలి

కంకర క్రషర్ల పక్క పొలాల్లో మిరప ఆకు మీద, పెరట్లో ఆరేసిన బట్టల మీద తెల్లటి పొర పేరుకోవడం ఆయా గ్రామాల వారికి కొత్త కాదు. అర్జీ పెట్టినప్పుడు మాత్రం ఎదురయ్యే ప్రశ్న ఒకటే: దుమ్ము ఎంత వున్నదో లెక్క ఏది? ఆ లెక్క గ్రామం చేతిలో వుండదు.

కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పట్టణాలను ఉద్దేశించినది. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయవాడ, కర్నూలు, ఒంగోలు సహా 13 పట్టణాలు అందులో చేరాయి. క్రషర్లు నడిచేది ఊళ్ల పక్కన, గాలిని కొలిచే కేంద్రాలు వుండేది ఎక్కువగా పట్టణాల్లో. ఒక్కొక్క కేంద్రానికి లక్షల రూపాయలు కావాలి కనుక ప్రతి పంచాయతీకి ఒకటి పెట్టడం అయ్యే పని కాదు. అందువల్లనే కొన్ని వందల నుంచి కొన్ని వేల రూపాయలకు దొరికే దుమ్ము సెన్సార్ల మీద ఆశ పుట్టింది. ఆశ మంచిదే. అయితే ఆ పెట్టె చెప్పే అంకెను నమ్మవచ్చునా అన్నది అసలు ప్రశ్న.

ఇది పనిచేసే తీరు సులభమే. పెంకుటింటి కప్పు సందులోంచి పడే ఎండ చారలో దుమ్ము కణాలు మెరవడం అందరూ చూసినదే. పెట్టెలో ఎండకు బదులు చిన్న దీపం వుంటుంది. కణాల మీద పడి చెదిరిన వెలుగును ఫొటోడయోడ్ అనే బిళ్ల పట్టుకుని కరెంటుగా మారుస్తుంది. చిక్కంతా ఇక్కడే వుంది. ఆ కరెంటు ఆంపియరులో వంద కోట్లవ వంతు లెక్కన వుంటుంది. తిరునాళ్లలో మైకు మోగుతుండగా గుసగుస వినడం వంటిదే దీన్ని పట్టడం.

రొద అన్ని వైపుల నుంచీ వస్తుంది. పక్క వైర్ల కరెంటు, పెట్టెలోని ఫ్యాను మోటారు, లోపలికి జొరబడే ఎండ అన్నీ కలుస్తాయి. రెసిస్టరు కూడా తన వేడికి తానే రొద చేస్తుందని 1928లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో జాన్సన్ లెక్కతో చూపారు. విరుగుడు లేకపోలేదు. రెసిస్టరు విలువ 100 రెట్లు పెంచితే సంకేతం 100 రెట్లు పెరుగుతుంది, దాని రొద 10 రెట్లే పెరుగుతుంది. దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ రెండు కొలతల తేడా తీసుకుంటే ఎండ ప్రభావం చాలా వరకు పోతుంది. 100 కొలతల సగటు తీస్తే మిగిలిన రొద పదో వంతుకు తగ్గుతుంది. సర్క్యూట్‌కు లోహపు కవచం, ఫ్యానుకు వేరే కరెంటు దారి కూడా అవసరమే. చౌక కోసం వీటిని వదిలేస్తే పెట్టె కొలిచేది దుమ్మును కాదు, తన రొదను.

రొద తగ్గినంత మాత్రాన సరిపోదు. ఖాళీగా వున్నప్పుడే ముల్లు పక్కకు వాలిన కాటాలో ధాన్యం తూస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. జపాన్ కంపెనీ షార్ప్ తయారు చేసిన ఒక పేరుపడిన సెన్సారునే చూడండి. ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాముల దుమ్ము పెరిగితే దాని వోల్టేజి సుమారు అర వోల్టు పెరుగుతుంది. దుమ్ము లేనప్పుడు వచ్చే వోల్టేజి మాత్రం ఒక్కొక్క సెన్సారుకు 0 నుంచి 1.5 వోల్టుల మధ్య వుండవచ్చని కంపెనీయే చెప్పింది. అంటే సున్నా సరిచేయని రెండు పెట్టెలు ఒకే గాలిలో 300 మైక్రోగ్రాముల వరకు తేడా చూపవచ్చు. 10 మైక్రాన్ల లోపు ధూళికి 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణమే రోజుకు సగటున 100 మైక్రోగ్రాములు! పైగా కంపెనీ లెక్క కట్టింది సిగరెట్టు పొగతో. రాతి దుమ్ము దారి వేరు. చలికాలపు మంచు తుంపరలను కూడా ఈ పెట్టెలు దుమ్ముగా లెక్కిస్తాయి.

తప్పు అంకె వల్ల నష్టపోయేది గ్రామమే. ఎక్కువ చూపితే ఆ లెక్కను యజమాని తేలికగా కొట్టిపారేయిస్తాడు. తక్కువ చూపితే అదే కాగితం ఊరికి వ్యతిరేక సాక్ష్యమవుతుంది. ఈలోగా రాతి ధూళి పీల్చే కూలీల ఊపిరితిత్తులు పాడవుతాయి. సిలికోసిస్ వస్తే నయమయ్యే జబ్బు కాదు.

కనుక పెట్టె కొనే ముందు పంచాయతీలు మూడు విషయాలు పట్టుబట్టాలి. వడకట్టిన శుభ్రమైన గాలిలో సున్నా సరిచూడాలి. వడపోత కాగితంపై దుమ్మును పట్టి తూచే కాలుష్య నియంత్రణ మండలి సాధనం పక్కనే, మన ఊరి దుమ్ములోనే, పొడి రోజుల్లోనూ మంచు రోజుల్లోనూ ఉంచి రెండు లెక్కలనూ పోల్చాలి. ఒక్క పూట అంకెతో తృప్తిపడక రాత్రింబవళ్ల రికార్డు వుంచాలి. ఇందుకు మండలి తన సాధనాన్ని కొద్ది రోజులు గ్రామానికి పంపితే చాలు. కాటాకు ముద్ర వేయించనిదే ధాన్యం తూయనివ్వని రైతు, తన ఊపిరి విషయంలో అంతకు తక్కువ కోరనవసరం లేదు.