బ్రేకు కాగితే...

మా మేనల్లుడికి కార్ల పిచ్చి. గుంటూరు మిర్చి యార్డులో వాళ్ల నాన్న టిక్కీల లెక్క చూసుకుంటుంటే, వీడు పక్కన కూర్చుని రేసు కార్ల వీడియోలు చూసే రకం. మొత్తానికి నాన్నను ఒప్పించి ఓ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అదీ సెకండ్ హ్యాండ్‌ది, కొన్నాడు. కొన్న రెండో నెలలోనే దాన్ని మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తోలుకెళ్లాడు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారుతో రౌండ్లు కొట్టే రోజులు అక్కడ ఉంటాయి లెండి.

మొదటి రెండు రౌండ్లు గాల్లో తేలాడట. మూడో రౌండులో ఓ మలుపు ముందు బ్రేకు తొక్కితే, పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి దిగిపోయింది. కారు మలుపు తిరగకుండా నేరుగా మట్టిలోకి పోయి, దుమ్ము రేపుకుని ఆగింది. మనిషికేం కాలేదు. పరువుకే కాస్త దెబ్బ!

"వారం కిందటే సర్వీసింగ్ చేయించాను మావయ్యా, బ్రేకులు ఎలా పోతాయి?" అంటూ ఇంటికొచ్చి మెకానిక్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆ రోజు పాతికేళ్లు మిర్చి లోడు లారీలు తోలిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అంతా విని నవ్వాడు.

"బ్రేకు పోలేదబ్బాయ్, కాగింది. నల్లమల దిగేటప్పుడు మేం చూడందా ఇది?"

స్పోర్ట్స్ కారుకీ మిర్చి లారీకీ పోలికేమిటని మావాడు మొహం చిట్లించాడు గానీ, పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. బ్రేకు బండి వేగాన్ని ఎక్కడికీ మాయం చేయదు. వేడిగా మారుస్తుంది, అంతే. పద్నాలుగు వందల కిలోల కారును గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి 50కి దించారనుకోండి. ఆ కాసిన్ని సెకన్లలో పుట్టే వేడితో మూడున్నర లీటర్ల చన్నీళ్లు మరిగించొచ్చు. అది ఒక్క మలుపుకి. రౌండులో అలాంటి మలుపులు ఎన్నో. డిస్కు చల్లారేలోగా మళ్లీ తొక్కుడు!

అలా వేడెక్కిన బ్రేకు రెండు రకాలుగా మొరాయిస్తుంది. ప్యాడ్లు తట్టుకోలేనంత కాగితే పట్టు జారిపోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. రెండోది బ్రేక్ ఆయిల్ మరగడం. మావాడికి జరిగింది ఇదే. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. మన కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు.

ఇందులో మనకు తెలియని చిక్కొకటుంది. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఇంజిన్ ఆయిల్ మార్పించామా లేదా అని అందరం అడుగుతాం. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో ఎంతమందికి గుర్తుంటుంది? మావాడి సర్వీసింగ్ బిల్లు తీసి చూశాం. కారు కడిగినందుకు, పాలిష్ పెట్టినందుకు డబ్బులున్నాయి. బ్రేక్ ఆయిల్ ఊసే లేదు.

అసలు మన ప్రాంతంలో ఈ విద్య నేర్చుకునే అవసరమే రాదు. పత్తి చేలు, మిరప చేలు, వాటి మధ్య చాపలా పరిచినట్టుండే రోడ్డు. గుంటూరులో బయల్దేరి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం దాటి దోర్నాల చేరేదాకా బ్రేకుతో పనల్లా గేదె అడ్డమొస్తేనో, స్పీడ్ బ్రేకర్ వస్తేనో. ఆ అలవాటుతోనే దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేస్తాం. ఎక్కడం ఇంజిన్ చూసుకుంటుంది. దర్శనం చేసుకుని పిల్లాపాపలతో తిరిగి దిగేటప్పుడే ఉంది సంగతంతా.

పాతిక టన్నుల లారీ వంద మీటర్ల ఎత్తు దిగిందంటే అందులోంచి బయటికి రావాల్సిన శక్తి ఎనభై లీటర్ల నీళ్లు మరిగించేంత. దాన్ని ఇంజిన్ కాస్త మింగాలి, లేదా అంతా బ్రేకుల నెత్తినే పడాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే డ్రైవరు రెండో దారి ఎంచుకున్నట్టే. లారీలవి డ్రమ్ము బ్రేకులాయె. కాగేకొద్దీ డ్రమ్ము వ్యాకోచించి, లోపలున్న లైనర్లకు దూరం జరుగుతుంది. డిస్కుకి ఆ బెడద లేదు, పైగా గాలి తగిలి తొందరగా చల్లారుతుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవై నాలుగ్గంటల పందెంలో జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో దిగి గెలిచింది ఈ బలంతోనే. డ్రమ్ముల వాళ్లు బ్రేకుల్ని కాపాడుకుంటూ ముందుగానే వేగం తగ్గించుకోవాల్సి వస్తే, వీళ్లు మలుపు దగ్గర పడేదాకా ఆగేవారు.

"ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాల" అన్నాడు పెద్దాయన. గేరు కూడా వాలు మొదలు కాకముందే వేసుకోవాలట. బండి ఊపందుకున్నాక చిన్న గేరు పడక, చేతిలో ఉన్నదీ పోయి న్యూట్రల్‌లో చిక్కుకున్న వాళ్లను చూశానన్నాడు. ఇంజిన్ ఆపేసి దింపడం మరీ ఘోరం. బ్రేకుకి అందే సాయం ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఆటోమేటిక్ కారయితే ఎల్ అనో, 2 అనో ఉన్న చోటికి మార్చుకోవాలి. గేర్లు లేని స్కూటర్ల మీద కోటప్పకొండ దిగే కుర్రాళ్లకు ఇంజిన్ పట్టు అంతంతమాత్రమే కాబట్టి మొదటినుంచీ నెమ్మదిగా రావడమే మార్గం.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది గుర్తుందా? ఆ కరెంటు కార్లను వెనక చక్రాలకు మామూలు బ్రేకులు లేకుండానే రూపొందించారు. మోటారే ఎదురు పట్టి బండిని నిదానింపజేసి, ఆ శక్తితో బ్యాటరీ నింపుతుంది. మన పెద్దాయన ఘాట్లో ఇంజిన్ చేత చేయించే చాకిరీని వాళ్లు మోటారు చేత చేయిస్తున్నారన్నమాట. ఈ మాట చెబితే ఆయన మీసం దువ్వుకున్నాడు.

తొక్కడంలోనూ తేడా ఉంది. కొండ దిగినంతసేపూ పెడల్ మీద పాదం ఆనించి ఉంచితే బ్రేకుకి ఊపిరాడదు. గట్టిగా తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదలాలి. ట్రాక్ మీదా ఇంతే. రెండు మూడు రౌండ్లు జోరుగా తిరిగితే ఓ రౌండు బ్రేకు జోలికి పోకుండా నిదానంగా తిరగాలి. కాలిన వాసన వచ్చినా, నిన్నటి చోట తొక్కితే నేడు ఆగకపోయినా ఆ రోజుకి చాలించాలి. అప్పటికే పెడల్ దిగబడిపోతే గబగబా నాలుగైదు సార్లు కొట్టి చూడాలి, గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగాలి. ఆగాక డిస్కు మీద నీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది.

మావాడు ఆయిల్ మార్పించాడు, ట్రాక్‌కి తగిన ప్యాడ్లు వేయించాడు. మళ్లీ వెళ్లేముందు పెద్దాయన ఇంకోటి అడిగాడు. "దిగినాక హ్యాండ్ బ్రేకు ఏస్తావా?" వేస్తానన్నాడు వీడు. "ఎయ్యమాక. కాగిన దాన్ని బిగించి పెడితే అట్టాగే పట్టేస్తది. మా క్లీనరు దిగంగానే టైరు కింద రాయి పెట్టేవోడు."

ఇప్పుడు ఆ స్పోర్ట్స్ కారు డిక్కీలో హెల్మెట్ పక్కన తుమ్మచెక్క ముక్కొకటి ఉంటోంది.