నీళ్ల పైపు ఉందా అని అడగండి

గాజు గ్లాసు మీద పెన్ను లాంటి పరికరంతో చకచకా పేరు చెక్కేసే వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చు కదా అనిపిస్తుంది. చిన్న రోటరీ టూల్, డజన్ల కొద్దీ డైమండ్ బిట్లున్న ప్యాకెట్ ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు. పది రోజులు తిరక్కుండానే బిట్లు నున్నగా అయిపోతాయి, రెండు గ్లాసులు పగులుతాయి, టూల్ అటక మీదికి ఎక్కుతుంది. పని రాకముందే పనిముట్టు కొంటే ఇలాగే అవుతుంది మరి.

అసలు ఆ బిట్ ఏమిటో చూద్దాం. చౌకగా దొరికేవాటిలో ఉక్కు కాడ మీద నికెల్ పూత వేసి, అందులో వజ్రపు రవ్వలను ఒకే పొరగా పట్టి ఉంచుతారు. ఆ పొర పోయిందంటే బిట్ పని అయిపోయినట్టే. సింటర్డ్ రకం వేరు. అందులో వజ్రపు పొడిని లోహపు పొడితో కలిపి, వేడిచేసి ముద్దగా బిగిస్తారు. పై రవ్వలు అరిగేకొద్దీ లోపలివి బయటపడతాయి. ధర ఎక్కువే, కానీ రోజూ పని చేసేవాళ్లకు అదే లాభం.

ఏ రకమైనా అది కత్తిలా కోయదు, గీకుతుంది. కాబట్టి గట్టిగా నొక్కితే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. నొక్కితే వేడి పుడుతుంది, రవ్వలు ఊడిపోతాయి, గాజు చిట్లుతుంది. టూల్ బరువుకు కాస్త ఎక్కువ, అంతే ఒత్తిడి. బిట్ తల పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గించాలి. ఇనుము, ఉక్కు మీద మాత్రం దీన్ని వాడకండి. వేడెక్కిన ఇనుము వజ్రంలోని కర్బనాన్ని లాగేసుకుంటుంది, బిట్ చూస్తుండగానే అరిగిపోతుంది. అక్కడ కార్బైడ్ బిట్లో, మామూలు గ్రైండింగ్ రాళ్లో కావాలి.

ఈ నేర్పుకు పని ఎక్కడుంది అంటారా? ఆళ్లగడ్డ, దుర్గి శిల్పుల దగ్గరుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చుట్టూ పెరిగిన యూనిట్లలో ఉంది. జిర్కోనియా పళ్ల తొడుగులు సరిచేసే డెంటల్ ల్యాబుల్లో ఉంది. అక్షరాలు చెక్కే పని సీఎన్‌సీ మిషన్లు లాక్కున్నాయన్నది నిజమే. కానీ మిషన్ వదిలేసిన మూలను నునుపు చేయడానికీ, చిట్లిన అంచును సరిదిద్దడానికీ చెయ్యే కావాలి. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప శిక్షణ సంస్థ, హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ, ఐటీఐల్లోని స్టోన్ ప్రాసెసింగ్ ట్రేడ్ లాంటివి మన ముందే ఉన్నాయి. బీటెక్ చదివి ఇదేం పని అని ఇంట్లోవాళ్లు మూతి విరిస్తే విరవనివ్వండి.

అయితే ఈ రంగం గురించి కెరీర్ గైడ్లు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. దుమ్ము. గ్రానైట్, ఇసుకరాయి లాంటివాటిని పొడిగా రుద్దితే కంటికి కనబడనంత సన్నటి సిలికా గాల్లోకి లేస్తుంది. ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటే అది ఆగదు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు, పైగా టీబీ ముప్పు పెరుగుతుంది. గుజరాత్ ఖంభాత్‌లో అగేట్ రాళ్లు సానబట్టే కుటుంబాలు దీని బాధ తరాలుగా పడుతున్నాయి. ఇప్పుడు వంటగదుల్లో ఫ్యాషనైన కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి అలాంటి పలకలను నిషేధించింది కూడా.

దీనికి మొదటి విరుగుడు చాలా చౌక, నీళ్లు. బిట్ కొస మీద సన్నటి ధార పడుతుంటే దుమ్ము లేవదు, బిట్ వేడెక్కదు, ఎక్కువ కాలం మన్నుతుంది. యజమానికీ డబ్బు మిగులుతుంది. అయినా ఎన్నో షెడ్లలో పొడిగానే రుద్దిస్తారు. నేల బురదవుతుందని, పని నిదానిస్తుందని సాకులు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. ఆ మాట పనిలో చేరే కుర్రాడికి చెప్పేవారేరీ?

అందుకే ఇంటర్వ్యూలో జీతం ఎంతో అడిగే ముందు షెడ్ చూపించమని అడగండి. నీళ్ల పైపు ఉందా, దుమ్ము లాగే ఫ్యాన్ ఉందా, ఎన్95 మాస్కూ కళ్లద్దాలూ ఎవరిస్తారు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారా? ఇవి అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయం సహజమే. ఇల్లు గడవాల్సిన కుర్రాడికి 'చేరొద్దు' అని చెప్పడం మాకూ తేలిక కాదు. కనీసం ముగ్గురు నలుగురు కలిసి అడగండి, ఒంటరిగా అడిగినవాడిదే తప్పన్నట్టు చూస్తారు.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు ఇంకో మాట. నీళ్లూ కరెంటూ ఒకచోట చేరతాయి కాబట్టి ఆర్‌సీసీబీ లేని ప్లగ్గులో టూల్ పెట్టకండి. మోటారు దూరంగా వేలాడుతూ పొడవాటి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ చేతిలోకి వచ్చే రకమైతే మేలు. మెడలో వేలాడే కాలేజీ ఐడీ కార్డు తాడు తీసేసి కూర్చోండి. అది తిరిగే షాఫ్ట్‌కు చుట్టుకోవడానికి క్షణం చాలు.