ఇంటర్నెట్‌కి కులం లేదంట! మరి గొడుగెవరికి, లాఠీ ఎవరికి?

ఇంటర్నెట్‌కి కులం లేదంట!

ఈమధ్య మా మండల కేంద్రంలో నిరుద్యోగ యువతకి వ్యాపారం నేర్పిస్తామని ఒక సదస్సు పెట్టారు. మా దగ్గర చదువుకుపోయిన వాడ పిల్లల్ని వెంటబెట్టుకొని మేమూ పోయాం. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి గంటసేపు మైకు వదల్లేదు. "1995లో ఇంటర్నెట్ వచ్చినప్పుడు తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. రిస్క్ తీసుకున్నవాడు కోట్లు సంపాదించాడు. మీవాళ్లు రిజర్వేషన్ ఉద్యోగాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు ఏఐ వచ్చింది. ఇప్పుడైనా మేల్కోండి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకు కడుపు రగిలింది. "మీవాళ్లు" అంటే ఎవరో ఆ పిల్లలకి అర్థమైందో లేదో గాని మాకు అర్థమైంది.

లేచి అడుగుదామంటే మాకు మైకు ఇవ్వలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాం. ఆ తలుపులు ఎవరికి తెరిచారు? రిస్క్ ఎవరు తీసుకున్నారు? దెబ్బ తగిలినప్పుడు ఎవరి రిస్క్‌ని చట్టం మోసింది, ఎవరి రిస్క్‌ని వాడి వీపే మోసింది?

పెద్దమనిషి చెప్పిన 1995 సంగతే చూద్దాం. ఆ ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ కంపెనీ ఇంటర్నెట్‌ని జనానికి అమ్మటం మొదలుపెట్టింది. కనెక్షన్ కావాలంటే ఫోను ఉండాలి, కంప్యూటరు ఉండాలి, ఇంగ్లీషు రావాలి. 1999లో కొత్త టెలికాం విధానం ప్రకటిస్తూ కేంద్ర ప్రభుత్వమే రాసుకుంది, పల్లెల్లో నూటికి 0.4 ఫోన్లు ఉన్నాయని. అంటే 250 మందికి ఒక్క ఫోను. ఆ ఒక్క ఫోను మాలపల్లెలో ఉందా, మాదిగపల్లెలో ఉందా? సర్పంచి ఇంట్లోనో, షావుకారు కొట్లోనో ఉంది. మనవాడు వెళ్లి "అయ్యా, మావాడికి ఒక కబురు" అని వాకిట్లో నిలబడాలి. తెరిచిన తలుపులంటే ఇవేనా?

1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. కంప్యూటర్ని పేపర్లో బొమ్మగా చూశాం. మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాడు లేడు. డాట్‌కామ్ అంటే ఏంటని అడగటానికి మేనమామ లేడు, అమెరికాలో అన్న లేడు.

రిస్క్ తీసుకున్నారంటున్న కంపెనీల సంగతి చూడండి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసేవాళ్లకి ప్రభుత్వమే 1991 నుంచి టెక్నాలజీ పార్కుల వ్యవస్థ పెట్టింది. ఆ పార్కుల కంపెనీలకి ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. జనం డబ్బుతో రోడ్డేసి, కరెంటిచ్చి, పన్ను మాఫీ చేస్తే దాన్ని "ప్రోత్సాహకం" అన్నారు. మా పిల్లాడికి హాస్టల్లో సన్నబువ్వ పెట్టి స్కాలర్‌షిప్ ఇస్తే మాత్రం "రాయితీ" అన్నారు, "మెరిట్ లేదు" అన్నారు. ఆ మెరిట్ కంపెనీల్లో మనకి రిజర్వేషన్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇక డబ్బు ఎవరిని నమ్మింది? 1999 నవంబరులో రాజేశ్ జైన్ నడిపిన ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీని సత్యం ఇన్ఫోవే 499 కోట్ల రూపాయలకి కొంటానంది. ఆయన కష్టాన్ని మేము కాదనం. అయితే ఆ ఇన్ఫోవేకి తల్లి కంపెనీ మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు, లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని. లేని కోట్లు ఉన్నాయంటే ఆడిటర్లు నమ్మారు, బ్యాంకులు నమ్మాయి, మార్కెట్టు నమ్మింది.

మా హాస్టల్ మిత్రుడొకడు డిగ్రీ అయ్యాక 2003లో మండల కేంద్రంలో నెట్ సెంటర్ పెడదామని లోనుకి తిరిగాడు. ఎస్సీ కార్పొరేషన్ మార్జిన్ మనీ రావాలంటే ముందు బ్యాంకు ఒప్పుకోవాలి. ఆ బ్యాంకు మేనేజరు మావాణ్ణి ఎనిమిది నెలలు తిప్పాడు. "ఆస్తి ఏముంది?" అన్నాడు. కాలనీ ఇంటి పట్టా చూపిస్తే నవ్వాడంట. ఉన్న రెండు సెంట్లని బ్యాంకు నమ్మలేదు! చివరికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఐదు పాత కంప్యూటర్లతో సెంటర్ తెరిచాడు. వాడ పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకుంది అక్కడే. కువైట్ పోయిన తల్లులతో బిడ్డలు మాట్లాడింది అక్కడే. సదస్సు పెద్దమనిషికి చెప్తున్నాం, దీన్నయ్యా రిస్క్ అనేది!

ఆ రిస్క్‌కి దక్కింది ఏంటి? 2005లో ఎవడో గిరాకీ వచ్చి, మావాడి సెంటర్ నుంచి ఊళ్లో పెద్ద కుటుంబానికి బెదిరింపు మెయిల్ పంపాడంట. పోలీసులొచ్చారు. "ఐటీ చట్టం కేసు" అన్నారు. స్టేషన్లో అడిగిన మొదటి ప్రశ్న "ఏ కులంరా?" అని. మూడు రోజులు కూర్చోబెట్టారు, కొట్టారు. ఎఫ్ఐఆర్ లేదు. ఐదు సీపీయూలు పట్టుకుపోయి పదకొండు నెలల తర్వాత దుమ్ముపట్టినవి ఇచ్చారు. సెంటర్ మూతపడింది, వడ్డీ మూతపడలేదు.

చట్టం ఏం చెప్పిందో తర్వాత చదివాం. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 80వ సెక్షన్ కింద వారెంటు లేకుండా బహిరంగ స్థలంలోకి వెళ్లి, నేరం చేసినవాణ్ణే కాదు, చేయబోతున్నాడని అనుమానం ఉన్నవాణ్ణి కూడా పట్టుకెళ్లొచ్చు. దుకాణం కూడా బహిరంగ స్థలమే. ఎంత ఘోరమైన అధికారం! అప్పట్లో దానికి ఒక్క కట్టుబాటు పెట్టారు, వచ్చే అధికారి డీఎస్పీ హోదాకి తగ్గకూడదని. మావాడి సెంటర్‌కి వచ్చింది హెడ్ కానిస్టేబులు. ఆ రోజు మాలో ఒక్కడికీ ఆ సెక్షన్ తెలియదు. తెలిస్తే అడిగేవాళ్లం.

దానికి కొద్ది నెలల ముందు, 2004 డిసెంబరులో, ఢిల్లీలో ఇంకో అరెస్టు జరిగింది. బాజీ డాట్‌కామ్ అనే అమ్మకాల వెబ్‌సైటులో ఎవడో ఒక అశ్లీల వీడియో అమ్మకానికి పెట్టాడు. కంపెనీ అధిపతి అవనీశ్ బజాజ్‌ని పోలీసులు జైల్లో పెట్టారు. అది న్యాయమని మేము అనం. వేరేవాడు పెట్టిన సరుకుకి ఆయన్ని జైలుకి పంపటం తప్పే. కానీ తర్వాత జరిగింది చూడండి. రోజుల్లో బెయిలొచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ గట్టిగా మాట్లాడింది. 2005లో చట్టాన్ని సవరించటానికి ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. 2008 డిసెంబరులో పార్లమెంటు పెద్దగా చర్చ లేకుండానే సవరణ పాస్ చేసింది. అది 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఇతరులు పెట్టినదానికి, కొన్ని షరతుల మీద, కంపెనీకి బాధ్యత లేదని 79వ సెక్షన్‌ని తిరగరాశారు. ఆయన మీద కేసుని 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఆయనదీ మావాడిదీ ఒకటే కష్టం. ఇద్దరూ వేరేవాడు చేసిన పనికి స్టేషన్‌కి పోయినోళ్లే. ఆయన కోసం దేశం చట్టం మార్చుకుంది. మావాడి కోసం ఏ కమిటీ కూర్చుంది?

ఇందులో తమాషా ఇంకా ఉంది. సవరించిన చట్టం ప్రకారం నెట్ సెంటర్ కూడా "ఇంటర్మీడియరీ"యే, అంటే మధ్యవర్తే. కాగితం మీద మావాడూ, వేల కోట్ల కంపెనీ ఒకే కులం! ఆ గొడుగు మావాడికీ రావాలి కదా. 2011 ఏప్రిల్లో రూల్స్ వచ్చాయి. సైబర్ కేఫ్‌లకి విడిగా ఇంకో రూల్స్ తెచ్చారు. వచ్చినవాడి గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు రాయాలి, లెక్కలు ఏడాది దాచాలి, అడ్డగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. పెద్ద వెబ్‌సైటుకి వచ్చే లక్షల మందిని కార్డు చూపించమని ఆ రూల్స్ అడగలేదు. చిన్న సెంటర్‌కి వచ్చే పదిమందినే అడిగాయి. గొడుగు ఒకటే అన్నారు గాని, మావాడి నెత్తిన వాన కురుస్తూనే ఉంది.

కంపెనీకి గొడుగిచ్చిన ఆ 2008 సవరణే 66ఏ సెక్షన్ని కూడా తెచ్చింది. ఇంటర్నెట్‌లో ఎదుటివాడికి "చిరాకు" కలిగించినా మూడేళ్ల దాకా జైలు! ఇంటర్నెట్ రాతలకి బలైందెవరు? 2013 మేలో, కారంచేడు పక్కనున్న చీరాల పోలీసులు పౌరహక్కుల నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలని ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసిందని అరెస్టు చేశారు. ఆ ఆగస్టులోనే ఉత్తరప్రదేశ్ రాంపూర్‌లో దళిత రచయిత కన్వల్ భారతిని కూడా ఫేస్‌బుక్ రాతకే పట్టుకెళ్లారు. 66ఏని సుప్రీంకోర్టు కొట్టేసింది 2015 మార్చి 24న. అప్పటికి ఎంతమంది స్టేషన్ల చుట్టూ తిరిగారో!

ఇంకొక్క లెక్క చెప్తాం. యాహూ కంపెనీ పేరుని పోలిన పేరు పెట్టుకున్నాడని ఒకాయన మీద ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఇంటర్నెట్ పేర్ల మీద అప్పటికి మన దేశంలో చట్టమే లేదు. ఐనా కోర్టు, ఒకడి సరుకుని ఇంకొకడిదిగా చలామణి చేయకూడదన్న పాత సూత్రాన్ని సాగదీసి, 1999 ఫిబ్రవరిలోనే ఆ పేరు వాడొద్దంది. 2004లో సత్యం ఇన్ఫోవే తన "సిఫీ" పేరు కోసం సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచింది. ఇంటర్నెట్ అమ్మకం మొదలైన నాలుగేళ్లలో కంపెనీ పేరుకి రక్షణ దొరికింది. మంచిదే.

మరి మన పేరు సంగతి? కులం పేరుతో నలుగురిలో తిడితే నేరమని చెప్పే అట్రాసిటీ చట్టం 1989 నుంచే ఉంది. దానికి ఇంటర్నెట్‌ "నలుగురు చూసే చోటు" అవుతుందని ఢిల్లీ హైకోర్టు చెప్పింది 2017లో. అక్కడ కూడా ఫిర్యాదు చేసినామెని ఉద్దేశించి రాయలేదని ఎఫ్ఐఆర్ కొట్టేసింది. 2022లో కేరళ హైకోర్టు, ఒక గిరిజన స్త్రీని అవమానించే వీడియోని యూట్యూబ్‌లో పెట్టిన కేసులో, ఇంటర్నెట్‌లో పెడితే నలుగురి ముందు తిట్టినట్టేనని గట్టిగా చెప్పి ముందస్తు బెయిలు నిరాకరించింది. సరుకు పేరుకి నాలుగేళ్లు. మనిషి పేరుకి ఇరవై ఏళ్ల పైన. ఇంటర్నెట్‌కి కులం లేదన్న పెద్దమనిషి ఈ లెక్కకి జవాబు చెప్పాలి.

మేము ఇంటర్నెట్‌కి శత్రువులం కాదు. పేపర్లు మన వార్తని లోపలి పేజీలో కూడా వేయని రోజుల్లో మనకి నోరిచ్చింది అదే. 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరం దేశమంతా చేరింది దాని మీదే. మా పిల్లలు వ్యాపారం చేయాలనే మేమూ అంటాం. కానీ ఒట్టి ధైర్యంతో దిగొద్దు, చట్టం చదువుకొని దిగండి అంటున్నాం.

నెట్ సెంటరో, యాపో, వెబ్‌సైటో పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు 79వ సెక్షన్నీ, దాని షరతుల్నీ చదివి పెట్టుకోవాలి. సోదాకి వచ్చినవాడి హోదా అడగాలి. ఇప్పుడు ఐటీ చట్టం కేసుల్లో ఇన్‌స్పెక్టర్‌కి తగ్గకూడదు. తీసుకుపోయిన ప్రతి వస్తువుకీ పంచనామా, రసీదు అడగాలి. ఇంటర్నెట్‌లో కులం పేరుతో తిట్టినవాణ్ణి బ్లాక్ చేసి ఊరుకోవద్దు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. లింకు, తేదీ, టైము రాసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలని లాయరుకి గుర్తు చేయండి. అట్రాసిటీ కేసు కట్టటానికి ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్తోంది. స్టేషన్లో "చూద్దాం లే" అంటే ఆ సంగతి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకుల్లో, సేవల్లో 4 శాతం ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 విధానం ఉంది. అది అమలవుతోందా అని సమాచార హక్కు కింద అడగండి.

పాలకుల్ని మేము అడిగేది ఒక్కటే. పెద్ద కంపెనీకి పట్టిన గొడుగుని చిన్న సెంటరువాడికీ పట్టండి. ఏఐ కోసం ఇవాళ రాస్తున్న రూల్స్‌లోనైనా రాసే బల్ల దగ్గర మనవాళ్లని కూర్చోబెట్టండి. అంతా రాసి అచ్చేశాక సదస్సు పెట్టి మేల్కోమంటే కుదరదు.

మా మిత్రుడు ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. అతని కూతురు మా బడిలోనే తొమ్మిదో తరగతి. ఆ సదస్సులో చప్పట్లు కొట్టిన పిల్లల్లో ఆ అమ్మాయి కూడా ఉంది. వాళ్ల నాన్న సెంటర్ కథ మొన్ననే ఆమెకి చెప్పాం. "మరి ఆ సెక్షన్లు మాకు పాఠంలో ఎందుకు లేవు సార్?" అని అడిగింది. వచ్చే శనివారం నుంచి బడి అయ్యాక గంటసేపు మేమే చెప్తున్నాం. ఎవరి వాడలో వాళ్లు మొదలుపెట్టండి.

జై భీమ్!