సేనాపతుల లేఖలును ప్రజాసభలును

చదువుకొన్న గృహస్థుల నోట నొక మాట తరచుగా వినవచ్చుచున్నది: "ఈ శాసనసభల వాదములతో నేమి ప్రయోజనము? రాజ్యమును సేనాపతి చేతి కిచ్చినచో ఆఱు నెలలలో నన్నియు చక్కబడును." ఇట్లు పలుకువారు దుష్టులు కారు, విసిగినవారు. అయినను విసుగు రాజనీతి కాజాలదు. సేనాపతులకును సభలకును నడుమ నడచిన లేఖల చరిత్రను బరిశీలించినచో, ఈ కోరిక యెంతటి యనర్థమునకు దారితీయునో తేటపడును.

1645 జూను 14వ తేదీన ఇంగ్లండులో నేస్బీ యుద్ధమున రాజు ఛార్లెసు సేనలు ఓడిపోయెను. ఆనాడే క్రామ్వెలు సభాధ్యక్షుడగు లెంథాలునకు లేఖ వ్రాసి, దేశస్వాతంత్ర్యమునకై ప్రాణము లొడ్డిన సైనికునకు మనస్సాక్షి ననుసరించి దైవమును గొలుచు స్వేచ్ఛ నిండని కోరెను. కామన్సు సభవారు ఆ విజయవార్తను అచ్చొత్తించిరి గాని ఈ కోరికను మాత్రము తొలగించిరి. వారికి సైనికుని గెలుపు కావలెను, అతని మాట యక్కఱలేదు. తరువాతి తగవునకు బీజ మిచ్చటనే కలదు.

1647 నాటికి పదాతులకు 18 వారముల జీతమును, ఆశ్వికులకు 43 వారముల జీతమును బాకీపడెను. సైనికులు తమ సేనాపతి ఫెయిర్‌ఫాక్సు మూలమున విన్నపము చేసికొనబూనగా, మార్చి 30వ తేదీన పార్లమెంటు ఆ విన్నపమును బలపఱచువారిని రాజ్యశత్రువులని ప్రకటించెను. ఏప్రిలులో ఎనిమిది అశ్వదళముల లేఖను దెచ్చిన ముగ్గురు సామాన్య భటులను సభ పిలిపించి ప్రశ్నించెను. జూనులో సేనవారు తాము కూలికి బోరాడు మూకలము కామనియు, ప్రజల హక్కుల రక్షణకై పార్లమెంటుచేతనే పిలువబడితిమనియు లోకమునకు చాటిరి. ఇంతవరకు న్యాయము సేన పక్షముననే యున్నదని మేము నిస్సంకోచముగా జెప్పుదుము.

కాని వెనుక ఖడ్గమున్న విన్నపము విన్నపముగా నిలువదు. 1648 నవంబరులో సేన పంపిన పత్రముపై చర్చను సభ వాయిదా వేసెను. డిసెంబరు 6వ తేదీన కర్నలు ప్రైడు సాయుధ భటులతో సభాద్వారమున నిలిచి, సేనకు గిట్టని సభ్యులను లోనికి బోనీయడయ్యె. మిగిలిన సభను సైతము 1653 ఏప్రిలు 20వ తేదీన క్రామ్వెలు భటులను బిలిచి వెళ్ళగొట్టెను. ఒకనాడు సైనికుని స్వేచ్ఛకై సభను వేడుకొన్నవాడే సభ తలుపు మూసెను. 1660 ఫిబ్రవరి 11వ తేదీన జనరలు మంకు, ఖాళీ స్థానములకు ఎన్నికలు జరుపవలెనని సభకు లేఖ వ్రాసి, ఆ నెలలోనే వెలివేయబడిన సభ్యులను మరల లోనికి జేర్చెను. మూసినదియు సేనయే, తెఱచినదియు సేనయే. తన తలుపుపై సభకే యధికారము లేకపోయెను!

ఇది దూరదేశపు కథ యని చదువరులు తలపవలదు. మఠంపల్లి ప్రాంతమున కృష్ణయొడ్డున నిలిచి చూడుడు. 1948లో ఆవలి గట్టు మద్రాసు రాష్ట్రములోనిది. అచ్చటివారు 1937లోనే, పరిమితమైన ఓటుహక్కుతోనైనను, శాసనసభకు ప్రతినిధుల నెన్నుకొనిరి. ఈవలి గట్టు నైజాము రాజ్యములోని నల్లగొండ జిల్లా. ఆ యేడు సెప్టెంబరులో భారతసేనలో నొక భాగము బెజవాడనుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదునకు సాగెను. 18వ తేదీన నైజాము సేనాపతి ఎల్ ఎద్రూసు మేజరు జనరలు చౌదరికి లొంగిపోయెను. రజాకార్ల దౌర్జన్యము తొలగినందుకు ప్రజలు సంతసించిరి, సంతసింపవలసినదే. కాని పిమ్మట 1949 డిసెంబరు వరకు ఆ సేనాపతియే పాలకుడు, ఆయన రెగ్యులేషనే శాసనము.

"జాగీర్లను 1949 ఆగస్టు 15వ తేదీన రద్దుచేసినది ఆ సైనిక ప్రభుత్వమే కదా? ఏ సభ యంత త్వరగా జేసియుండును?" అని ప్రతిపక్షులు మమ్మడుగుదురు. అది మంచిపనియే, మేము కాదనము. కాని జాగీర్ల రద్దు దేశముఖుల పట్టాభూములను దాకలేదు. వెట్టిచాకిరితోడను బేదఖలుతోడను నలిగిన ఈ తాలూకాల రైతు పోరాడినది ముఖ్యముగా దేశముఖులతోడనే. శాసనము వ్రాసినచోట అతని మాట చెప్పుటకు అతడెన్నుకొన్నవా డొక్కడైన నుండెనా? సభ లేనందున రైతు గోడు పల్లెలోనే నిలిచిపోయెను. పల్లెకు పటాలము వచ్చెను. పోరు 1951 అక్టోబరు వరకు సాగెను.

ఇంకొక పత్రము కలదు. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాలు, ఖాజీ అబ్దుల్ గఫారు ప్రభృతులు 1948 చివర సంస్థానమున దిరిగి, పోలీసుచర్య నాళ్లలోను దాని వెనువెంటను 27 వేలనుండి 40 వేలవరకు జనులు ప్రాణములు గోల్పోయిరనియు, కొన్నిచోట్ల సైనికులకు సైతము ఆ దురంతములలో భాగము గలదనియు నివేదించిరి. ప్రభుత్వము దానిని ప్రకటింపలేదు. 2013లో గాని అది పాఠకులకు అందుబాటులోనికి రాలేదు. అంకెలపై తగవున్నచో సభలో తర్కింపవలెను గాని కాగితమును దాచుట జవాబగునా? కామన్సు సభ రుచింపని వాక్యములను కత్తిరించెను. మన ప్రభుత్వము పత్రమునే మూసిపెట్టెను.

1952లో వయోజన ఓటుహక్కు వచ్చినంతనే నల్లగొండ ప్రజలు, అంతవరకు నిషిద్ధమైయున్న కమ్యూనిస్టు ఉద్యమమునకు నాయకులలో నొకరగు రావి నారాయణరెడ్డిగారిని, దేశమున నెల్లరికంటె నధికమైన ఓట్లతో పార్లమెంటునకు బంపిరి. తుపాకికి లొంగని తగవు ఓటు వలన సభకెక్కినది.

కావున సేనాపతి రాజ్యమును గోరు మిత్రులకు మా మనవి యిది. సభ చెడినచో సభ్యులను మార్చుడు, సభను మూయగోరకుడు. సభ్యులకును మా హెచ్చరిక యొకటి కలదు. మీకు రుచింపని విన్నపమును, నివేదికను ఆసాంతము చదివి, ప్రజల యెదుట నుంచి జవాబు చెప్పుడు. ఈ పని మీరు మానిననాడు సేనాపతిని బిలుచుటకు జనులకు మీరే కారణము జూపినవారగుదురు.