అమ్మానాన్నలకు ఇల్లు సరే, పెరట్లో నేల ఒప్పుకుంటుందా?

మసాచుసెట్స్‌లో 2025 ఫిబ్రవరి 2 నుంచి ఒక పెద్ద అడ్డంకి తొలగింది. ఒక్క కుటుంబం ఉండే ఇళ్ల ప్రాంతాల్లో, ఉన్న ఇంటికి తోడుగా మరో చిన్న ఇల్లు కట్టుకోవడానికి టౌన్ జోనింగ్ బోర్డు దయ కోసం ఇక ఎదురుచూడక్కర్లేదు. 900 చదరపు అడుగులు, లేదా అసలు ఇంటి వైశాల్యంలో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు హక్కుగానే కట్టుకోవచ్చు. 2024 ఆగస్టులో గవర్నర్ మారా హీలీ సంతకం చేసిన అఫర్డబుల్ హోమ్స్ చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. ఏడీయూ అని పిలిచే ఈ చిన్న ఇంటి మీద మనవాళ్లలో ఇంత ఆసక్తి ఎందుకో చెప్పక్కర్లేదు. ఆరు నెలలుండి వెళ్లిపోయే తల్లిదండ్రులు ఇప్పుడు మన దగ్గరే ఉండిపోవాల్సిన వయసుకు వచ్చారు. బేస్‌మెంట్ మెట్లు వాళ్ల మోకాళ్లకు పడవు.

అయితే ఈ చట్టం తాకని నియమావళి ఒకటుంది. అదే టైటిల్-5. టౌన్ మురుగు కాల్వ లేని ఇళ్లలో సెప్టిక్ వ్యవస్థ ఎలా ఉండాలో, ఎప్పుడు అది విఫలమైనట్టో చెప్పేది ఇదే. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న వెస్ట్‌ఫర్డ్, యాక్టన్, హాప్‌కింటన్ లాంటి టౌన్లలో సెప్టిక్ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అమెరికా మొత్తం మీద ప్రతి ఐదు ఇళ్లలో ఒకటికి పైగా ఇలాంటి వ్యవస్థల మీదే ఆధారపడుతున్నాయని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతోంది. జోనింగ్ బోర్డు కాదనలేని ఇంటిని హెల్త్ బోర్డు ఆపగలదు. చాలామంది ఆర్కిటెక్టుకు డబ్బు కట్టాక గానీ ఈ సంగతి దాకా రావడం లేదు.

మన ఊళ్లలో సెప్టిక్ అంటే ట్యాంకే. నిండితే బండిని పిలుస్తాం, ఖాళీ చేయిస్తాం, మళ్లీ పొంగేదాకా దాని ఊసెత్తం. ఆ అలవాటు మనతోపాటు విమానమెక్కి వచ్చింది. ఇక్కడి ట్యాంక్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె, జిడ్డు పైకి తేలతాయి. మధ్యలో ఉన్న నీరు డి-బాక్స్ అనే చిన్న పెట్టెలోకి, అక్కణ్నుంచి పెరట్లో భూమి కింద పరిచిన చిల్లుల గొట్టాల్లోకి వెళ్లి నేలలో ఇంకుతుంది. ఆ ఇంకే చోటును లీచ్ ఫీల్డ్ అంటారు. నీరు శుభ్రపడే పని చాలావరకు అక్కడి మట్టిలోనే జరుగుతుంది. ట్యాంక్ పాడైతే అదొక కాంక్రీట్ తొట్టి, మార్చుకోవచ్చు. లీచ్ ఫీల్డ్ పోతే పెరడంతా తవ్వాలి, ఖర్చు పదివేల డాలర్ల లెక్కల్లో మొదలవుతుంది.

ఆ మట్టి ఒక్కరోజులో పాడవదు. గొట్టాల కింద సూక్ష్మజీవుల నల్లటి జిగురు పొర ఒకటి సహజంగానే ఏర్పడుతుంది. పలుచగా ఉన్నంతవరకు అది మంచిదే. ట్యాంకులో మడ్డి పేరుకుని, జిడ్డుతో కలిసి బయటకు కొట్టుకుపోవడం మొదలైతే ఆ పొర మందమై నీటిని దిగనివ్వదు. వేపుళ్ల నూనె, సింక్ కింది గ్రైండర్‌లో వేసే కూరగాయల తుక్కు, వారం బట్టలన్నీ ఆదివారమే ఉతకడం, ఇవన్నీ ఆ పొరకు మేతే. మూడు నుంచి ఐదేళ్లకోసారి ట్యాంక్ తీయించమని ఈపీఏ చెప్పేది ట్యాంక్ కోసం కాదు, దాని తర్వాత ఉన్న నేల కోసం.

మరి నేల అలసిపోయిందని ఎలా తెలుస్తుంది? ఒక్క సింకో, ఒక్క టాయిలెటో నెమ్మదిస్తే అది గొట్టంలో అడ్డు కావచ్చు, ప్లంబర్ పని. ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న షవర్‌లో, బేస్‌మెంట్ టాయిలెట్‌లో నీళ్లు వెనక్కి తన్నుతుంటే, వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలినప్పుడల్లా గుడగుడమంటుంటే చూపు పెరటి వైపు తిప్పాలి. ఆగస్టు ఎండకు పచ్చికంతా వాడిపోయినా లీచ్ ఫీల్డ్ మీద మాత్రం చారలు చారలుగా ముదురాకుపచ్చగా ఉండటం, నడిస్తే కాలు దిగబడటం, వాసన రావడం ఇంకా గట్టి గుర్తులు. చలికాలంలో ట్యాంక్ మీది మంచు ముందుగా కరిగిందని మాత్రం కంగారు పడక్కర్లేదు, లోపలి వెచ్చదనానికి అలా అవుతుంటుంది.

నన్నడిగితే అన్నిటికంటే మోసం చేసేది కాలాన్ని బట్టి వచ్చే ఇబ్బంది. మార్చి, ఏప్రిల్‌లలో మంచు కరిగి, వానలు పడి భూగర్భ జలం పైకి వస్తుంది. అప్పుడు లీచ్ ఫీల్డ్ కింద నీరు దిగడానికి పొడి మట్టి మిగలదు. జూలైకి నీటిమట్టం తగ్గి అంతా మామూలవుతుంది. 'ఏదో అడ్డుపడి ఉంటుంది, అదే పోయింది' అనుకుని ఊరుకుంటాం. వసంతంలో మొరాయించి వేసవిలో బాగుపడే వ్యవస్థ బాగున్నట్టు కాదు. భూగర్భ జలానికి మరీ దగ్గరగా ఉన్నట్టు లెక్క. పాత కాలంలో వేసిన వాటికి ఈ జబ్బు ఎక్కువ. ఇప్పుడు కొత్తగా వేస్తే లీచ్ ఫీల్డ్ అడుగుకూ జలమట్టానికీ మధ్య మామూలుగా 4 అడుగులు, నీరు చాలా వేగంగా ఇంకే ఇసుక నేలల్లో 5 అడుగులు ఉండాలి. కొన్ని ఇళ్ల ముందు పచ్చిక దిబ్బలా ఎత్తుగా కనిపించేది ఇందుకే.

ఇంకో సాక్షి ట్యాంక్ తీసే బండి డ్రైవరు. అతను తోడుతుండగానే లీచ్ ఫీల్డ్ వైపు నుంచి నీరు ట్యాంకులోకి వెనక్కి పారితే, అవతల నేల నీటితో నిండిపోయి ఉందని అర్థం. బిల్లు మీద ఆ ముక్క రాయమని అడగండి. మనం ఆఫీసు మీటింగ్‌లో ఉంటే అతను పని చేసి రసీదు తలుపు సందులో పెట్టి పోతాడు, చూసింది అతనితోనే పోతుంది. టైటిల్-5లో కూడా ఇలాంటి లెక్కే ఉంది. గొట్టంలో అడ్డు వల్ల కాకుండా ఏడాదిలో నాలుగుసార్లకు మించి తోడించాల్సి వచ్చిందంటే ఆ వ్యవస్థ విఫలమైనట్టే. డి-బాక్స్‌లో నీరు బయటకు పోయే గొట్టం మట్టాన్ని మించి నిలిచినా, మురుగు నేల మీదికి ఉబికినా, ఇంట్లోకి తన్నినా అంతే. విఫలమని తేలితే సాధారణంగా రెండేళ్లలో బాగుచేయించాలి, ఆరోగ్యానికి ముప్పుంటే హెల్త్ బోర్డు ఇంకా ముందే చేయమనవచ్చు. అలాగని ప్రతి గుర్తుకూ పెరడంతా తవ్వనక్కర్లేదు. డి-బాక్స్ ఒరిగినా, ఫిల్టర్ మూసుకున్నా, పంపు చెడినా ఆ ఒక్క భాగం మార్చితే సరిపోవచ్చు. పెద్ద అంచనా చేతికొచ్చిన రోజున రెండో మనిషి చేత చూపించుకోవడం ఇందుకే.

ఇల్లు కొనేటప్పుడు 'టైటిల్-5 పాస్' అన్న మాటకు మనం ఇచ్చే విలువ కాస్త ఎక్కువేమో. అమ్మకానికి ముందు రెండేళ్లలోపు, ఏటా ట్యాంక్ తీయించిన ఇంటికైతే మూడేళ్లలోపు తనిఖీ జరిగి ఉండాలి. ఆ నివేదిక ఆ రోజున, ఆ వాడకంలో వ్యవస్థ ఎలా ఉందో చెబుతుంది. రేపటికి హామీ ఇవ్వదు. ఇద్దరు వృద్ధులు ఉన్న ఇంట్లో పాసైన లీచ్ ఫీల్డ్ మీద మనం ఆరుగురం దిగుతాం, వేసవికి మరో ఇద్దరొస్తారు. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఇల్లయితే ఎండిన నేల ఆ రోజుకు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. నివేదికతోపాటు నీటి బిల్లులు, పాత రసీదులు కూడా అడగాలి.

ఇక అసలు చిక్కు బెడ్‌రూమ్‌ల లెక్క. టైటిల్-5 మనుషుల్ని లెక్కపెట్టదు, బెడ్‌రూమ్‌లను లెక్కపెడుతుంది. ఒక్కోదానికి రోజుకు 110 గ్యాలన్లు. నాలుగు బెడ్‌రూమ్‌ల ఇంటికి 440 గ్యాలన్ల కోసం వేసిన లీచ్ ఫీల్డ్ ఐదో గదికి సరిపోదు. బేస్‌మెంట్‌లో 'స్టడీ' అని పేరు పెట్టిన గదికి తగినంత కొలత, ఎత్తు, కిటికీ, గాలి ఉంటే హెల్త్ బోర్డు దాన్ని బెడ్‌రూమ్‌గానే చూడవచ్చు. ఇంట్లో మొత్తం గదులు ఎనిమిది దాటితే వాటిని సగం చేసి బెడ్‌రూమ్‌ల సంఖ్య తేల్చే సూత్రం కూడా ఉంది. మా ఇంటి ఫైలు టౌన్ ఆఫీసులో తీయిస్తే పాత ప్లాను మీద నాలుగు బెడ్‌రూమ్‌లకు ఆమోదం అని ఉంది. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పటి ప్రకటనలో ఐదు. హెల్త్ బోర్డు నమ్మేది ప్లానునే.

సొంత బావి, సెప్టిక్ రెండూ ఒకే స్థలంలో ఉన్న ఇళ్లకు ఇంకో హద్దుంది. కొత్తగా కట్టినా, వాడకం పెంచినా ఎకరానికి రోజుకు 440 గ్యాలన్లు మించకూడదు. అంటే ఎకరం స్థలంలో నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లుంటే ఏడీయూకి చోటు అప్పటికే అయిపోయినట్టు. నైట్రోజన్ తగ్గించే ప్రత్యేక వ్యవస్థ పెడితే కొంత సడలింపు దొరకవచ్చు, దాని ఖర్చూ నిర్వహణా వేరు. బావి నీళ్లు తాగే వాళ్లు నైట్రేట్ పరీక్ష చేయించుకోవడం ఎలాగూ మంచిది. లీటరుకు 10 మిల్లీగ్రాములు హద్దు. చంటిబిడ్డలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

డబ్బు దగ్గర రాష్ట్ర విధానం నాకు తిరకాసుగా కనిపిస్తుంది. విఫలమైన సెప్టిక్‌ను బాగుచేయించుకునే వాళ్లకు ఇచ్చే ఆదాయపు పన్ను రాయితీని 2023లో 6,000 డాలర్ల నుంచి 18,000కు పెంచారు, ఏడాదికి గరిష్ఠంగా 4,000. సొంతంగా నివసించే ఇంటికే ఇది వర్తిస్తుంది. చాలా మంచి సాయం. కానీ ఇది 'విఫలమైన' వ్యవస్థకే. అమ్మానాన్నల కోసం ముందుచూపుతో సామర్థ్యం పెంచుకునే ఇంటాయనకు ఈ దారి లేదు. ఒక చేత్తో చిన్న ఇళ్లు కట్టుకోండని చట్టం చేసి, ఇంకో చేత్తో మురుగు పొంగేదాకా ఆగిన వాళ్లకే డబ్బిస్తే జనం ఏం చేస్తారు? ఆగుతారు. నేలలోకి వెళ్లేది మనమూ పక్కింటివాళ్లూ తాగే నీళ్లలోకే కదా. ఏడీయూల కోసం సెప్టిక్ పెంచుకునే వాళ్లకు కూడా ఈ రాయితీలో భాగం ఇవ్వాలని రాష్ట్ర ప్రతినిధులను అడగడానికి ఇదే అదను. ఓటున్న మనవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు.

గాలి ఏ వైపు వీస్తోందో కూడా చూసుకోవాలి. కేప్ కాడ్‌లో 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, నైట్రోజన్ సమస్య ఉన్న పరీవాహక ప్రాంతాల్లో టౌన్ తానే 20 ఏళ్ల పర్మిట్ తీసుకుని బాధ్యత తలకెత్తుకోవాలి, లేదంటే ఇంటి యజమానులు ఐదేళ్లలో నైట్రోజన్ తగ్గించే వ్యవస్థలకు మారాలి. న్యూయార్క్‌లో లాంగ్ ఐలాండ్ వైపు సఫోక్ కౌంటీ 2019లోనే పాత సెస్‌పూల్ స్థానంలో మళ్లీ సెస్‌పూల్ పెట్టడాన్ని నిషేధించింది. నీటి శుద్ధి కోసం అమ్మకపు పన్నులో 0.125 శాతం అదనంగా కట్టడానికి 2024 నవంబరులో అక్కడి ఓటర్లు ఒప్పుకున్నారు. హవాయి తన సెస్‌పూల్స్ అన్నిటికీ 2050ని గడువుగా పెట్టింది. ఆ ప్రాంతాల్లో ఇల్లు కొనేవాళ్లు ఈ గడువుల్ని ధరలో కలిపి చూసుకోవాలి.

మసాచుసెట్స్‌లో ఏడీయూ ఆలోచన ఉన్నవాళ్లు మొదట వెళ్లాల్సింది టౌన్ హెల్త్ బోర్డుకి. మీ ఇంటి సెప్టిక్ ప్లాను, ఆమోదించిన బెడ్‌రూమ్‌ల సంఖ్య, పాత తనిఖీ నివేదికలు అక్కడి ఫైల్లో ఉంటాయి, అడిగితే చూపిస్తారు. మీ వీధికి మురుగు కాల్వ వేసే ఆలోచన టౌన్‌కు ఉందా అని కూడా అక్కడే అడగండి. మూడేళ్లలో కాల్వ వచ్చేటట్టయితే ఇప్పుడు లీచ్ ఫీల్డ్ మీద పోసే డబ్బు మట్టిపాలే. ఆ తర్వాత సెప్టిక్ డిజైన్ చేసే ఇంజినీరు, హెల్త్ బోర్డు మనిషి ఎదుట మట్టి పరీక్ష. భూగర్భ జలం ఎక్కువగా ఉండే వసంతంలోనే ఈ పరీక్ష చేయించాలనే టౌన్లు కొన్ని ఉన్నాయి. ఆ నెలలు దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. కాబట్టి పెద్దవాళ్ల టికెట్లు, ఏడీయూ ప్లాన్లు వేసుకునే ముందు ఆ పరీక్ష తేదీ ఎప్పుడో కనుక్కోండి.