చల్లారిన పళ్ళెమునకు పూర్తి వెలయా?

సంపాదక మహాశయా,

విశాఖపట్టణమందలి యొక బ్రూపబ్బున భోజనము బాగుండలేదని వాపోయినవారిని, బీరునకై పోయినవారికి వంటకముల రుచితో నేమి పనియని మందలించిన మీ పాఠకుని లేఖతో నేను సమ్మతింపజాలను. బార్లీ మాల్టునుండి తీసిన రసమును మరిగించి, హాప్సు చేర్చి, ఈస్టుతో పులియబెట్టి, వారములకొలది శ్రద్ధతో కాచుకొనువారు, ఆ శ్రద్ధలో లేశమైనను వంటశాలకు వినియోగింపక, అనకాపల్లినుండి సకుటుంబముగా పోయిన మాకు చల్లారిన కోడివేపుడును, పాతనూనె కంపు వీడని చేపముక్కలను వడ్డించుట అన్యాయము. వేడి పదార్థమును 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండ నుంచవలెనని ఆహారభద్రతా నిబంధనలే విధించుచున్నవి. మా బెల్లపు మార్కెట్టులో రంగు చెడిన దిమ్మకు ధర తగ్గును. ఆ బ్రూపబ్బున మాత్రము చెడిన వంటకమునకును పూర్తి వెలయే! తిరిగి పంపిన పళ్ళెమును బిల్లునుండి తొలగించుట వారి కనీసధర్మము.

భవదీయుడు,
ఒక పాఠకుడు, అనకాపల్లి